తెల్ల గుర్రం మూడు వేల ఏళ్లు ఎలా బతికింది

2021 మే నెలలో ఇంగ్లండ్‌లో ఓ పాత పందెం తేలిపోయింది. డార్సెట్‌లో సెర్న్ అబ్బాస్ అనే ఊరి పక్క కొండ వాలు మీద 55 మీటర్ల మనిషి బొమ్మ ఒకటి ఉంది. ఒంటి మీద నూలుపోగు లేదు, చేతిలో పెద్ద దుడ్డుకర్ర. కొండ మీది గడ్డిని గీతలుగా తవ్వి, ఆ గాడుల్లో తెల్ల సుద్ద దట్టించి గీసిన బొమ్మ అది. క్రైస్తవం రాకముందు జనం కొలిచిన దేవుడని కొందరు, 17వ శతాబ్దంలో అప్పటి పాలకుడు క్రామ్‌వెల్‌ను ఎగతాళి చేయడానికి గీయించారని మరికొందరు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. రెండో పక్షం చేతిలో ఒక ఆధారం కూడా ఉండేది. ఈ బొమ్మ ప్రస్తావన ఉన్న మొదటి రాత 1694 నాటిది. చర్చి లెక్కల్లో దాని మరమ్మతుకు మూడు షిల్లింగులు ఖర్చు రాశారు. అంతకుముందు దాని ఊసే లేదు. చివరికి చారిత్రక స్థలాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ సంస్థ అట్టడుగు మట్టి తీయించి, ఆ రేణువుల మీద ఆఖరుసారి ఎండ ఎప్పుడు పడిందో తేల్చే పరీక్ష చేయించింది. క్రీ.శ. 700కీ 1100కీ మధ్య అని వచ్చింది. రెండు పక్షాలూ ఓడిపోయాయి.

పేపర్లన్నీ ఆ తేదీ గురించే రాశాయి. నాకు మాత్రం అంతకు రెండేళ్ల ముందు, 2019లో జరిగింది ముఖ్యమనిపించింది. ఆ ఏడు వాలంటీర్లు 17 టన్నుల కొత్త సుద్దను ఆ గాడుల్లో పోసి చేతులతో దట్టించారు. అప్పటికి వాళ్లకు ఆ బొమ్మ వయసు తెలియదు. దేవుడో, రాజకీయ వెక్కిరింతో కూడా తెలియదు. అయినా పని ఆగలేదు. 1694లో మూడు షిల్లింగులు పుచ్చుకున్న కూలీలదీ ఇదే పని.

బ్రిటన్ జానపద పండుగల గురించి, పాత పుణ్యస్థలాల గురించి మాట్లాడేటప్పుడు అందరూ ముందు వయసు అడుగుతారు. ఎంత పాతదైతే అంత గొప్ప. ఈ అలవాటు ఆ సంప్రదాయాలకు మేలు చేయడం లేదని, కొన్నిచోట్ల కీడే చేస్తోందని నా వాదన. ఎవరు చేస్తున్నారు, ఎలా నేర్చుకున్నారు, వచ్చే ఏడు ఎవరు చేస్తారు? ముందు అడగాల్సినవి ఇవి.

నేను స్విండన్‌లో ఉంటాను. మా ఇంటి నుంచి అఫింగ్టన్ తెల్ల గుర్రం దగ్గరికి కారులో అరగంట కూడా పట్టదు. ఇది కూడా సుద్ద బొమ్మే, కాకపోతే సెర్న్ మనిషికన్నా చాలా పాతది. కొండ భుజం మీద 110 మీటర్ల పొడవున పరిగెడుతున్న గుర్రం. నాలుగైదు వంపు గీతలంతే, కానీ చూడగానే గుర్రమని తెలిసిపోతుంది. చాలాకాలం దీన్ని 871లో డేన్ల మీద గెలిచినందుకు ఆల్ఫ్రెడ్ రాజు గీయించాడని చెప్పుకున్నారు. 1990లో తవ్వి చూస్తే, పైపైన గడ్డి చెక్కి గీసింది కాదని తెలిసింది. మీటరు లోతు దాకా కందకాలు తీసి, లోపల నలగ్గొట్టిన సుద్ద నింపారు. మట్టి పరీక్షలో క్రీ.పూ. 1380కీ 550కీ మధ్య అని వచ్చింది. అంటే ఈ ఒక్క చోట మాత్రం పాతదనం మీద మోజున్నవాళ్ల మాటే నెగ్గింది. దాదాపు మూడు వేల ఏళ్లు.

సరే, మూడు వేల ఏళ్లు ఎలా బతికింది? స్టోన్‌హెంజ్ అంటే నిలబెట్టిన పెద్ద రాళ్ల వలయం, దాన్ని ఎవరూ పట్టించుకోకపోయినా నిలబడుతుంది. గుర్రం అలా కాదు. ఒకటి రెండు దశాబ్దాలు వదిలేస్తే గడ్డి కమ్మేస్తుంది, అక్కడ గుర్రం ఉండేదని కూడా ఎవరికీ గుర్తుండదు. మూడు వేల ఏళ్లలో ఒక్క తరం చెయ్యి ఎత్తేసినా కథ అయిపోయేది. ఎవరూ చెయ్యి ఎత్తేయలేదు.

ఈ పనిని ఒకసారి దగ్గర నుంచి చూస్తే విషయం వేరేగా అర్థమవుతుంది. ఎండాకాలంలో నేషనల్ ట్రస్ట్ వాళ్లు వాలంటీర్లను పిలుస్తారు. బకెట్లలో సుద్ద ముక్కలు, చేతికో సుత్తి, మోకాళ్లకు ప్యాడ్లు ఇస్తారు. ముందు గీత మీద మొలిచిన కలుపు పీకాలి, అంచుల వెంట లోపలికి పాకిన గడ్డి కోయాలి. తర్వాత ముక్కలు పరిచి, వాలు మీద మోకరిల్లి కొట్టుకుంటూ పోవాలి. మొదటి దెబ్బకు ముక్క పగులుతుంది, ఆ తర్వాత పిండవుతుంది, ఇంకా కొడితే తడికి ముద్దలా అతుక్కుని గట్టిపడుతుంది. అప్పటిదాకా బూడిదరంగులో ఉన్న జానెడు నేల కళ్లు చెదిరేంత తెల్లగా మారుతుంది. అక్కడ నిలబడితే గుర్రం కనబడదు. కాళ్ల కింద వంపు తిరిగిన తెల్లని బాట ఒకటే కనబడుతుంది. నేను కొట్టింది వీపో తోకో పక్కనున్న పెద్దాయన చెబితేగానీ నాకు తెలియలేదు. ఆయన తన చిన్నతనం నుంచీ వస్తున్నాడట. సుత్తి ఎంత బలంగా కాకుండా ఎంత ఒకే తీరుగా పడుతుందన్నదే ముఖ్యమని నా చేతిని పట్టుకుని చూపించాడు.

ఈ గుర్రం ఎందుకు గీశారో ఒక్కో కాలం ఒక్కో మాట చెప్పింది. మొదట గీసినవాళ్లకు అది ఏ దేవుడో, ఏ తెగ గుర్తో అయ్యుంటుంది. తర్వాత రోమన్లు వచ్చారు, సాక్సన్లు వచ్చారు, క్రైస్తవం వచ్చింది. మతం మారినప్పుడు పాత దేవుళ్ల గుర్తులు చెరిపేయడం మామూలే, కానీ ఈ కొండ మీద మాత్రం ఎవరో సుత్తి పట్టుకుని ఎక్కుతూనే ఉన్నారు. 18, 19 శతాబ్దాల్లో గుర్రాన్ని శుభ్రం చేసే రోజు పెద్ద జాతర. కుస్తీ పోటీలు, పందిని తరమడం, కింది లోయలోకి జున్ను చక్రాలు దొర్లించడం, బీరు గుడారాలు. 1857 నాటి జాతర గురించి వివరంగా రాసిపెట్టినవాళ్లు ఉన్నారు. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ విమానాలు దారికి గుర్తుగా వాడుకోకుండా దాని మీద గడ్డి పెళ్లలూ కొమ్మలూ కప్పారు, యుద్ధం అయ్యాక మళ్లీ తీశారు. దేవుడి కోసం, జాతర కోసం, ఇప్పుడు వారసత్వం పేరుతో... కారణం మారుతూ వచ్చింది, పని మాత్రం అదే. ఇంత చేస్తున్నా గడ్డి ఊరుకోదు. తల, మెడ గీతలు సన్నబడి, కొన్నిచోట్ల సగానికి తగ్గిపోయాయని గమనించి 2024లో వాటి అంచుల గడ్డి కోసి మళ్లీ వెడల్పు చేయాల్సి వచ్చింది.

స్టోన్‌హెంజ్ దగ్గర ఇదంతా తలకిందులైంది. అక్కడ వయసు గురించి గొడవ లేదు. చుట్టూ కందకం క్రీ.పూ. 3000 ప్రాంతంలో తవ్వారు, పెద్ద రాళ్లు క్రీ.పూ. 2500 ప్రాంతంలో నిలబెట్టారు. నీలిరాళ్లనే చిన్న రాళ్లు వేల్స్‌లోని ప్రెసెలీ కొండల నుంచి వచ్చాయి. మధ్యలో పడుకున్న బలిపీఠం రాయి అంతకన్నా దూరం నుంచి, స్కాట్లండ్ ఈశాన్యం నుంచి వచ్చిందని 2024లో తేల్చారు. ఏడు వందల కిలోమీటర్ల పైమాటే. అంత బరువును చక్రం తెలియని కాలంలో తెచ్చారంటే, దారి పొడవునా ఎన్ని ఊళ్లు చేతులు కలిపి ఉంటాయో ఆలోచించండి.

కానీ జనం మనసులో స్టోన్‌హెంజ్ అంటే తెల్ల అంగీలు వేసుకున్న డ్రూయిడ్లు, అంటే పాత కెల్టు తెగల పూజారులు, ఇంకా ఏడాదిలో అతి పొడవైన పగలు వచ్చే జూన్ 21 తెల్లవారుజాము. డ్రూయిడ్లకూ ఆ రాళ్లకూ ముడిపెట్టింది 17వ శతాబ్దంలో జాన్ ఆబ్రీ, 18వ శతాబ్దంలో విలియం స్టక్లీ. డ్రూయిడ్ల గురించి రోమన్లు రాసేనాటికే ఆ రాళ్లకు రెండు వేల ఏళ్లు నిండాయి. ఇక రాళ్లు కట్టినవాళ్లు పండుగ చేసుకున్నది ఎండాకాలంలో కన్నా చలికాలంలోనే అనడానికి ఆధారాలు ఎక్కువ. దగ్గరలోని డరింగ్టన్ వాల్స్‌లో పెద్ద విందుల ఎముకలు దొరికాయి. పంది పళ్లు చూస్తే చాలావాటిని తొమ్మిది నెలల వయసులో కోశారు. వసంతంలో పుట్టినవాటికి తొమ్మిది నెలలంటే నడి చలికాలం. ఆ పందుల్లో కొన్నింటిని స్కాట్లండ్ నుంచి, వేల్స్ నుంచి తోలుకొచ్చారని 2019లో ఎముకల రసాయన పరీక్షలు చెప్పాయి. డిసెంబరులో అతి చిన్న పగలు అస్తమించే సూర్యుడికి ఎదురుగా ఆ రాళ్ల వరస తిరిగి ఉంటుంది. ఎముకలు కొరికే చలిలో, పొద్దు ఇంకా కుంగిపోతుందేమో అన్న రోజుల్లో, ఎక్కడెక్కడి నుంచో పందులు తోలుకుంటూ వచ్చి కలిసి తిన్నారు. నాకు ఆ రాళ్లకన్నా ఆ నడక గొప్పగా అనిపిస్తుంది.

అలాగని ఇప్పటి డ్రూయిడ్లను నకిలీలని కొట్టిపారేసేవాళ్లతో నేను ఏకీభవించను. 1905లో వందలమంది అక్కడ డ్రూయిడ్ దీక్ష తీసుకున్నారు. అక్కడి నుంచి లెక్కేసినా నూరేళ్లు దాటింది. నూరేళ్లుగా చలిలో, వానలో నిలబడి సూర్యుడి కోసం ఎదురుచూస్తున్నవాళ్లది సంప్రదాయం కాకపోతే మరేమిటి? వాళ్లు చెప్పుకునే చరిత్ర తప్పు, చేసే పని నిజం. ఆ పని కోసం జనం దెబ్బలు కూడా తిన్నారు. 1974 నుంచి అక్కడ ఏటా ఉచిత సంగీత జాతర జరిగేది. 1985 జూన్ 1న దానికి వెళ్తున్న వాహనాల వరసను పోలీసులు అడ్డగించి, కిటికీలు పగలగొట్టి, 500 మందికి పైగా అరెస్టు చేశారు. చాలా ఏళ్ల పాటు జూన్ 21న రాళ్ల మధ్యకు ఎవరినీ పోనివ్వలేదు. 2000 నుంచి మళ్లీ తలుపు తెరిచారు. ఇప్పుడు జూన్‌లో వేలమంది వస్తారు. డిసెంబరులో తక్కువమంది. చలిని తట్టుకోగలిగితే డిసెంబరులోనే వెళ్లమని నా సలహా.

కార్న్‌వాల్‌లోని పాడ్‌స్టో ఊళ్లో మే 1న జరిగే 'ఆబీ ఆస్' పండుగను చూస్తే ఈ వాదన మొత్తం వీధిలో ఆడుతున్నట్టే ఉంటుంది. ఏప్రిల్ 30 అర్ధరాత్రి గోల్డెన్ లయన్ అనే పబ్బు ముందు జనం గుమిగూడి, వాయిద్యాలు లేకుండా పాడతారు. తెల్లారేసరికి ఊరంతా పచ్చ కొమ్మలు, జెండాలు. అందరూ తెల్లబట్టలు వేసుకుని ఎర్ర పట్టీనో నీలి పట్టీనో కట్టుకుంటారు. ఊళ్లో రెండు 'గుర్రాలు' ఉన్నాయి, రెండు వర్గాలు. ఒక్కో గుర్రమంటే మనిషంత అడ్డం ఉన్న గుండ్రటి చట్రం, దాని చుట్టూ కిందిదాకా వేలాడే నల్ల గుడ్డ, మధ్యలో లోపలి మనిషి తల మీద భయం పుట్టించే ముసుగు. డోళ్లు, అకార్డియన్లు వాయిస్తుంటే అది గిరగిరా తిరుగుతూ జనం మీదికి దూకుతుంది. ఉన్నట్టుండి పాట నెమ్మదిస్తుంది, డోలు మెత్తబడుతుంది. గుర్రం నేలకు కుంగి చచ్చినట్టు పడుకుంటుంది. దాని ముందు ఆడే మనిషి రంగుల గదతో దాన్ని నిమురుతాడు. మళ్లీ డోలు ఒక్క దెబ్బ వేసేసరికి లేచి ఎగురుతుంది. రోజంతా ఇంతే, వీధి వీధికీ చావడం, లేవడం.

ఇది కెల్టుల కాలం నాటి వసంత పూజ అని పర్యాటకుల కరపత్రాలు రాస్తాయి. దీని గురించి దొరికిన మొదటి రాత 1803 నాటిది. నీలి గుర్రానిది మరీ దగ్గరి చరిత్ర. మద్యం మానాలని ఊళ్లో ఉద్యమం సాగిన రోజుల్లో ఆ పక్షం వాళ్లు దాన్ని తయారు చేసుకున్నారు. మొదటి ప్రపంచ యుద్ధం అయ్యాక దానికి శాంతి గుర్రమని పేరు పెట్టారు. అంటే ఆ ఊరివాళ్లకు పండుగ ఒక చెక్కిన శిల్పం కాదు, తమ ఊరి గొడవలూ దుఃఖాలూ కూడా దానిలోకి ఎక్కించుకోగలరు. పిల్లలకు చిన్న గుర్రాలు వేరే ఉంటాయి. పదేళ్ల పిల్లో పిల్లాడో ఆ చిన్న చట్రం భుజాన వేసుకుని తిరుగుతుంటే, పెద్దవాళ్లు చుట్టూ నిలబడి డోలు కొడతారు. నడుము ఎలా తిప్పాలో, ఎప్పుడు కుంగాలో అలా వస్తుంది. ఆ పిల్లల్ని చూశాక రెండు వేల ఏళ్ల లెక్క ఉంటే ఏం, లేకపోతే ఏం అనిపించింది.

వయసు లెక్క ఎంత చిక్కులమారిదో చెప్పడానికి స్టాఫర్డ్‌షైర్‌లోని అబ్బాట్స్ బ్రోమ్లీ చాలు. సెప్టెంబరులో ఒక సోమవారం, పొద్దున్నే చర్చిలోంచి ఆరు జతల రెయిన్‌డీర్ కొమ్ములు తీసి, వాటిని భుజాన వేసుకుని రోజంతా ఊరి చుట్టూ ఆడతారు. పెద్ద జత పది కిలోల పైనే బరువుంటుంది. ఆట గురించి మొదటి వర్ణన 1686లో వచ్చింది. 1976లో కొమ్ములకు కార్బన్ పరీక్ష చేస్తే 1065 ప్రాంతం అని తేలింది. నార్మన్ దండయాత్ర నాటి కొమ్ములు, ఆరు వందల ఏళ్ల తర్వాతి రాత. ఆ మధ్య కాలాన్ని ఎవరికి తోచిన కథతో వాళ్లు నింపుకోవచ్చు, నింపుకున్నారు కూడా. ఆట మాత్రం తరాల పాటు ఒకే కుటుంబం వాళ్లు భుజాన మోసుకుంటూ వచ్చారు.

మోరిస్ నృత్యం మాటకొస్తే, కాళ్లకు గజ్జెలు, చేతుల్లో తెల్ల రుమాళ్లు లేదా కర్రలు పట్టుకుని ఆడేది, ఇంగ్లండ్‌లో దాని మొదటి జాడ 1448 నాటి ఒక జమాఖర్చు. లండన్ స్వర్ణకారుల సంఘం ఆటగాళ్లకు ఏడు షిల్లింగులు ఇచ్చింది. 19వ శతాబ్దం చివరికి ఇది చాలా ఊళ్లలో ఆగిపోయింది. 1899 క్రిస్మస్ మర్నాడు సెసిల్ షార్ప్ అనే సంగీతం మాస్టారు ఆక్స్‌ఫర్డ్ పక్కన హెడింగ్టన్ క్వారీ జట్టు ఆట చూశాడు. అందులో కాన్సర్టీనా వాయిస్తున్న విలియం కింబర్ దగ్గర బాణీలు రాసుకున్నాడు. కొన్నేళ్లకు మేరీ నీల్ అనే ఆవిడ లండన్‌లో కుట్టుపని చేసుకునే పేద అమ్మాయిలకు ఈ ఆట నేర్పించింది. వాళ్లు ఇంగ్లండ్ అంతా తిరిగి నేర్పారు. షార్ప్‌కూ ఆవిడకూ పడలేదు. అడుగు తప్పకూడదని ఆయన, ఆనందం తప్పకూడదని ఆవిడ. తర్వాతి దశాబ్దాల్లో ఇది మగవాళ్ల ఆట, ఆడవాళ్లు ఆడితే సంప్రదాయం చెడుతుందనే మాట బలపడింది. షార్ప్ ప్రదర్శన జట్టులోని యువకుల్లో నలుగురు, సంగీతకర్త జార్జ్ బటర్‌వర్త్‌తో సహా, 1916లో ఒక్క ఏడాదిలోనే యుద్ధంలో చనిపోయారు. ఆ తరం తర్వాత ఆటను చేతిలో పట్టుకుని, నేర్పుతూ నిలబెట్టినవాళ్లలో ఆడవాళ్లు ఎందరో. ఆ ఆడవాళ్లకే మళ్లీ తమ జట్లకు గుర్తింపు కోసం 1975లో వేరే సంఘం పెట్టుకోవాల్సి వచ్చింది.

ఇక్కడే నాకు కోపం వచ్చే విషయం చెప్పాలి. కొన్నేళ్ల కిందట ఒక చిన్న పట్నం వసంత జాతరకు మా అమ్మాయిని తీసుకెళ్లాను. వేల్స్ సరిహద్దు తరహా మోరిస్ ఆడే జట్టు ఒకటి వచ్చింది. పీలికల కోట్లు, నెమలి ఈకల టోపీలు, మొహం నిండా నల్ల రంగు. మా అమ్మాయి నా చెయ్యి లాగి, "వాళ్లు మనలాగా వేషం వేసుకున్నారా అమ్మా?" అంది. ఆట అయ్యాక నేను వెళ్లి వాళ్లలో ఒకాయనను అడిగాను. ఆయన మర్యాదగానే మాట్లాడాడు. ఇది మీ గురించి కాదు, వందల ఏళ్ల సంప్రదాయం, చలికాలంలో పని దొరకని కూలీలు చందాలకు తిరిగేటప్పుడు యజమానులు గుర్తుపట్టకుండా మసి పూసుకునేవాళ్లు అన్నాడు. అందులో నిజం ఉంది. కానీ 1830ల నుంచి అమెరికా మిన్‌స్ట్రెల్ ప్రదర్శనలు బ్రిటన్‌లో విపరీతంగా ఆడాయి. నల్లవాళ్లను వెక్కిరిస్తూ మొహానికి నలుపు పూసుకుని పాడే ఆటలవి. ఆ ఆటల రంగూ వాయిద్యాలూ పల్లె ఆటల్లోకి కూడా వచ్చాయి. 'వందల ఏళ్లు' అన్న ఒక్క మాటతో ఆయన ఆ సగం చరిత్రను మూసేశాడు, నా నోరూ మూయించాడు. మా అమ్మాయికి ఏం చెప్పాలో తెలియక దారంతా మాట మార్చుకుంటూ వచ్చాను.

పాతదనం చేసే కీడు అంటే ఇదే. 'ఇది అనాదిగా ఉంది' అనేది చరిత్ర మాటలా వినిపిస్తుంది గానీ, చాలాసార్లు అది తలుపుకు వేసే గడియ. 2020 జులైలో మోరిస్ సంఘాలన్నీ కలిసి మొహమంతా నల్ల రంగు పూయడం మానేయాలని నిర్ణయించాయి. ఒక పాత జట్టు ఒప్పుకోక సంఘం నుంచే వెళ్లిపోయింది. మిగతా జట్లు నీలం, ఆకుపచ్చ, ఊదా రంగులకు మారాయి. ఆ కర్రల చప్పుడు తగ్గలేదు, మారువేషం మారువేషంగానే ఉంది. ఇప్పుడు మా అమ్మాయి ముందు వరసలో నిలబడి చూస్తుంది. షెట్లండ్ దీవుల్లోని లెర్విక్‌లో జనవరి ఆఖరి మంగళవారం కాగడాల ఊరేగింపుతో వైకింగ్ ఓడను తగలబెట్టే 'అప్ హెలీ ఆ' దగ్గరా ఇదే జరిగింది. చూస్తే వెయ్యేళ్ల నాటి నార్స్ ఆచారంలా ఉంటుంది. కాగడాల ఊరేగింపు మొదలైంది 1881లో, ఓడ వచ్చింది 1889లో. ఆడవాళ్లకు ఊరేగింపులో చోటు ఇవ్వమంటే సంప్రదాయం ఒప్పుకోదన్నారు. 2023లో ఇచ్చారు. ఓడ ఎప్పటిలాగే బ్రహ్మాండంగా కాలింది.

అయితే నిన్న పుట్టినదీ మూడు వేల ఏళ్లదీ ఒకటేనా అని మీరు అడగవచ్చు. ఒకటి కాదు. అఫింగ్టన్ కొండ మీద సుత్తి పట్టినప్పుడు ఆ వయసు నాకు ఒళ్లంతా తెలిసింది, కాదనను. పురావస్తు పరిశోధన జరగాలి, సెర్న్‌లో లాగా మన ఊహలు తప్పని తేలాలి కూడా. నేను అనేదల్లా, వయసు తేలినంత మాత్రాన ఒక పండుగ బతికిపోదు, తేలనంత మాత్రాన చచ్చిపోదు. డెర్బీషైర్‌లోని టిస్సింగ్టన్‌లో బావుల అలంకరణ 1349 ప్లేగు నుంచి వస్తోందని ఒక కథ, 1615 కరువు నుంచని ఇంకో కథ. ఏ కథను నమ్మేవాళ్లయినా, ఈస్టర్ తర్వాత వచ్చే అసెన్షన్ పండుగ వారంలో ఒకే బల్ల చుట్టూ కూర్చుంటారు. చెక్క పలకలను ముందే నీళ్లలో నానేస్తారు, లేకపోతే అవి మట్టిలోని తడిని లాగేస్తాయి. ఉప్పు కలిపి పిసికిన బంకమన్ను వాటి మీద మందంగా పరుస్తారు. కాగితం మీద గీసిన బొమ్మను దాని మీద పెట్టి సూదితో చుక్కలు పొడుస్తారు. ఆ చుక్కల వెంట గింజలు, చిన్న చిన్న కాయలు గుచ్చి గీత దిద్దుతారు. తర్వాత పూరేకులు. కింది నుంచి పైకి, ఒకదాని అంచు మీద ఒకటి పడేలా అద్దాలి. అప్పుడే వాన పడితే నీళ్లు జారిపోతాయి. బతుకమ్మ పేర్చిన చేతులకు ఈ ఓపిక కొత్తేమీ కాదు. వారం తిరిగేసరికి రేకులు వాడిపోతాయి, పలకలు మళ్లీ కొట్టంలోకి పోతాయి.

ఈ వయసు పిచ్చి బ్రిటన్‌కే పరిమితం కాదని మన వాట్సాప్ గ్రూపుల్లో ఉన్న ఎవరికైనా తెలుసు. భోగి మంట దగ్గర నుంచి ఉగాది పచ్చడి దాకా 'ఐదు వేల ఏళ్ల నాటి విజ్ఞానం' అని రాని పండుగ లేదు. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో కృష్ణ ఒడ్డున ఉన్న నిలువురాళ్లు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాలోకి ఎక్కాయి. పేపర్లు వెంటనే 'తెలంగాణ స్టోన్‌హెంజ్' అని పేరు పెట్టేశాయి. సంతోషమే. కానీ ఆ రాళ్లలో ఒకదాన్ని ఊరివాళ్లు ఎల్లమ్మగా కొలుస్తూ వచ్చారు. వార్తల్లో ఆ మాట ఎక్కడో చివరి పేరాలో, చాలాసార్లు అసలు లేకుండానే పోయింది. ఆ రాయికి బొట్టు పెట్టినవాళ్ల పేర్లు ఎవరూ అడగలేదు. రేపు అక్కడ కంచె కట్టి టికెట్ పెట్టేటప్పుడు ఎల్లమ్మ దగ్గరికి వాళ్లను పోనిస్తారా లేదా అన్నది నాకు రాళ్ల తేదీకన్నా పెద్ద ప్రశ్న. స్టోన్‌హెంజ్ దగ్గర ఆ ప్రశ్నకు జవాబు రావడానికి 1985 నుంచి 2000 దాకా పట్టింది.

బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, కొన్ని పండుగలు ఆ ఊరివాళ్లవే అని గుర్తుంచుకోండి. పాడ్‌స్టోలో గుర్రం మోసేది ఆ ఊరి బిడ్డలే. స్కాట్లండ్‌లోని సౌత్ క్వీన్స్‌ఫెర్రీలో ఆగస్టు నెలలో ఒళ్లంతా అంటుకాయలు అతికించుకుని, చేతులు చాచి, ఊరంతా నడిచే బర్రీమ్యాన్ ఆ ఊళ్లో పుట్టినవాడే అయ్యుండాలి. అది వాళ్ల హక్కు, మనం పక్కన నిలబడి చప్పట్లు కొడితే చాలు. చేతులు కావాల్సిన చోట్లు వేరే ఉన్నాయి, అక్కడ రంగూ యాసా ఎవరూ అడగరు. జనవరి 17న, అంటే మన సంక్రాంతి అయిన రెండు మూడు రోజులకే, సోమర్సెట్‌లోని కార్‌హాంప్టన్‌లో ఆపిల్ చెట్ల పండుగ. 1752లో క్యాలెండర్‌ను మార్చేసి పదకొండు రోజులు ఎత్తేసినా పాత లెక్కనే పట్టుకున్న ఊరది. కొమ్మల్లో రొట్టె ముక్కలు పెట్టి, వేళ్ల దగ్గర సైడర్ అనే ఆపిల్ మద్యం పోసి, తుపాకులు పేల్చి చెట్టుకు పాట పాడతారు. అఫింగ్టన్‌లో సుద్ద కొట్టడానికి ముందుగా పేరు నమోదు చేసుకోవాలి, చోట్లు తొందరగా అయిపోతాయి. సుత్తి, ప్యాడ్లు వాళ్లే ఇస్తారు. నీళ్ల సీసా, టోపీ మీరే తెచ్చుకోవాలి. కొండ మీద గాలి గట్టిగా ఉంటుంది కాబట్టి జులై అయినా పిల్లలకు స్వెటర్ పెట్టుకోండి. నల్ల ప్యాంట్లు మాత్రం వద్దు, ఆ సుద్ద మరక ఒక ఉతుకుకు పోదు.